పచ్చిమట్టి పిల్ల

ఏడాదికి నాలుగుసార్లు, కాలం మారినప్పుడల్లా, బొటానికల్ గార్డెన్‌లో బొమ్మల ప్రదర్శన పెడతారు. తొలి ఆదివారం తల్లి పొద్దున్నే లేచి, ఇస్త్రీ చీర కట్టుకుని, నీళ్ళ సీసా నింపి, సంచిలో గొడుగు పెట్టుకునేది. ఎండాకాలమైనా గొడుగే, చలికాలమైనా గొడుగే. "అమ్మా, బస్సు పోతుందే" అని కూతురు గుమ్మంలోంచి అరిస్తే, "పోతే ఇంకోటి వస్తుంది, బస్సులకేం కరువు" అంటూ నింపాదిగా తాళం వేసి, వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకునేది. రెండు బస్సులు మారి వెళ్ళేవాళ్ళు.

ఆ ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే. తల్లి స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కూతురికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ వాటాల్లో పిల్లా పెద్దా అందరూ ఆమెని 'చెల్లెలు' అనే పిలుస్తారు. అక్క ఉన్న రోజుల్లో పడ్డ పేరు, అక్క పోయాకా పోలేదు.

గార్డెన్ గేటు దగ్గర టికెట్లిచ్చే పెద్దాయనకి వాళ్ళు బాగా తెలుసు. తోట పటం ఒకటి తీసి, దాని మీద పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చేవాడు.

"ఈసారి మీ పెద్దమ్మాయిగారు తామరకొలను దాటాక, వెదురు పొద పక్కన ఉన్నారండీ. నీడగానే ఉంది."

"ఎలా ఉంది మనిషి?" అని తల్లి అడిగేది.

"కాస్త ఒళ్ళు చేశారండి. పాప కూడా ఏపుగా ఎదిగింది."

పెద్దమ్మాయి పోయి పందొమ్మిదేళ్ళయింది.

ఆ తోటలోనే పోయింది, ఇరవై రెండేళ్ళ వయసులో, ఓ బెంచీ మీద, ఆయాసం ఎక్కువై. ఆ తర్వాత వచ్చిన మొదటి ప్రదర్శనలో, ఎక్కడినుంచో వచ్చిన ఒక శిల్పి పెట్టిన కాగితపు బొమ్మల్లో ఒకదానికి ఆమె ముఖం వచ్చింది. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో అప్పుడే పనికి చేరిన చెల్లెలు ముందుగా గుర్తుపట్టింది, పళ్ళని బట్టి. ఎడమవైపు కోరపన్ను పక్కదాని మీదికి ఎక్కి, నవ్వినా నవ్వకపోయినా పెదవి కొంచెం పైకి లేచి ఉంటుంది. అలాంటి పన్ను ఇంకోటి ఉండదు. తర్వాతి కాలంలో వేరే శిల్పి వచ్చాడు, ఇనుపతీగతో చేశాడు, అందులోనూ ఆమే. ఆ పైన కర్ర, గాజు, ఎండుటాకులు. చేసేవాళ్ళు మారేవాళ్ళు, ఆమె మాత్రం ప్రతిసారీ వచ్చేది. కొత్త శిల్పి ఎవరైనా బొమ్మ ముందు తల గోక్కుంటూ నిలబడితే, తోట సూపరింటెండెంటు భుజం తట్టి, "కంగారు పడకండి, ఆవిడ మా తోట మనిషే" అని చెప్పేవాడు.

వచ్చిన ప్రతిసారీ ఆమెకి వయసు పెరిగేది. ఇరవై ఏడో ఏట పక్కన ఒక మగమనిషి కనపడ్డాడు. "అల్లుడి వాలకం నాకు నచ్చలేదే. చేతులు జేబుల్లోంచి తియ్యడేం?" అంది తల్లి బస్సులో. మూడేళ్ళకి ఆమె కడుపుతో వచ్చింది, తర్వాత చంటిపిల్లతో వచ్చింది. ఆ పిల్ల నడక నేర్చే వేళకి మగమనిషి కనపడటం మానేశాడు. "చెప్పానా" అంది తల్లి. ఆ వారమంతా కుట్టుమిషను మీద కోపం చూపించింది. పిల్ల సన్నగా, మెడ సాచి చూస్తూ ఉండేది కాబట్టి తోటవాళ్ళు దానికి పిచ్చుక అని పేరు పెట్టారు. ప్రతి ప్రదర్శనకీ అది కొంచెం పొడుగయ్యేది. అక్క చెంపల దగ్గర నెరుపు మొదలైంది.

తల్లి బొమ్మ ఎదురుగా నేలమీదే చతికిలబడి, ఇంటి కబుర్లన్నీ చెప్పేది. పైవాటావాళ్ళ నల్లా కారడం గురించీ, ఏ స్కూలువాళ్ళు యూనిఫారం రంగు మార్చారో దాని గురించీ. చివరికి, వెళ్ళబోయే ముందు, ప్రతిసారీ ఒకటే అడిగేది.

"ఒక్క ఫోను ఎందుకు చెయ్యలేదే తల్లీ? గేటు పక్కనే బూత్ ఉంది కదా. ఒక్క మాట చెప్పుంటే చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చేదాన్ని కదే."

ఆ మాట వచ్చే వేళకి చెల్లెలు పక్కనున్న మొక్కల పేర్లు చదవడం మొదలుపెట్టేది.

ఎందుకంటే అక్క ఫోను చేసింది.

ఆ రోజు చెల్లెలికి పందొమ్మిదేళ్ళు. హాల్లో టీవీలో సినిమా చూస్తోంది. అది చివరికొచ్చింది. తల్లి లోపలిగదిలో మిషను తొక్కుతోంది, ఆ చప్పుడులో ఆవిడకి ఫోను మోగడం సరిగ్గా వినపడలేదు. చెల్లెలే ఎత్తింది. అవతలినుంచి అక్క, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ, "ఆయాసంగా ఉందే. మందు ఇంట్లో మర్చిపోయా. తీసుకురావా? గేటు లోపల బెంచీ మీద కూర్చుంటా" అంది. కుట్టిన యూనిఫారాల మూటలు స్కూలుకి చేర్చే వంతు ఆ సాయంత్రం అక్కది. అది చెల్లెలికి గుర్తుంది.

"పని తప్పించుకోవాలన్నప్పుడల్లా నీకు ఆయాసమే. ఆటో చేసుకు రా" అని పెట్టేసింది.

మిషను ఆగింది. "ఎవరే?" అంది తల్లి లోపల్నుంచి.

"రాంగ్ నంబరమ్మా."

గంటన్నర తర్వాత మళ్ళీ మోగింది. ఈసారి గార్డెన్ ఆఫీసు నుంచి.

ఆ రాత్రి చెబుదామనుకుంది. తెల్లారాక చెబుదామనుకుంది. పదకొండు రోజులు పోనిచ్చి చెబుదామనుకుంది. తర్వాత, పందొమ్మిదేళ్ళుగా చెప్పనిదాన్ని ఇప్పుడెలా చెప్పడం అనే దగ్గర ఆగిపోయింది. ఆమెకి వచ్చిన రెండు సంబంధాలు తనే చెడగొట్టుకుంది. ల్యాబు యజమాని ఆరుగంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో ఇంకో ల్యాబు తెరిచి, దాన్ని చూసుకోమని మూడుసార్లు అడిగాడు. "అమ్మ ఒక్కతే అయిపోతుందండీ" అని మూడుసార్లూ తప్పించుకుంది. మైనంలో పళ్ళు చెక్కడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. ఎవరెవరి నోళ్ళకో నవ్వులు అమర్చి పంపి, సాయంత్రం ఇంటికొచ్చి టీవీ పెట్టకుండా కూర్చునేది. తోటకెళ్ళినప్పుడు తల్లి పక్కనే నిలబడేది కానీ బొమ్మ ముఖంలోకి చూసేది కాదు. అక్క కళ్ళు తల్లి మీద కాకుండా తన మీదే ఉంటాయని ఆమె అనుమానం. ఓసారి పరీక్ష చేద్దామని అవతలివైపుకి మారింది. తలెత్తి చూసి, మళ్ళీ ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు.

ఈ చలికాలం ప్రదర్శనకి వెళ్ళిన రోజు టికెట్లాయన పటం మీద సున్నా చుట్టలేదు. పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"అమ్మగారూ, ఈసారి... పాప ఒక్కతే వచ్చిందండీ. ఫెర్న్ మొక్కల గాజుగదిలో ఉంది."

"పాప ఒక్కతేనా? వాళ్ళమ్మో?"

"అంతా వెతికామండి. నేనూ మాలీలూ రెండుసార్లు తిరిగాం. కనపడలేదు."

తల్లి నమ్మలేదు. గాజుగదికి వెళ్ళకుండా ముందు తోటంతా తిరిగింది. నలభై మూడు బొమ్మలున్నాయి ఆ కాలం. ప్రతి దాని దగ్గరా ఆగి, గొడుగు కొనతో ఆకులు పక్కకి నెట్టి, ముఖం వంక చూసి, "కాదు" అనేది. కొంగలు, గుర్రాలు, ముఖంలేని మనుషులు. ముఖంలేని వాటి దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నిలబడింది. చెల్లెలు వెనకాలే నడిచింది. మధ్యాహ్నానికి తల్లి కాళ్ళు లాగేశాయి. అప్పుడు వెళ్ళారు గాజుగదికి.

లోపల వేడి ఆవిరి. అద్దాల మీద చెమట పట్టినట్టు నీళ్ళు జారుతున్నాయి. రెండువైపులా ఫెర్న్ ఆకులు నడిచే దారి మీదికి వంగి ఉన్నాయి. దారి చివర, తలుపు వైపు తిరిగి, పదకొండేళ్ళ పిల్ల నిలబడి ఉంది. పచ్చిమట్టి బొమ్మ. కాళ్ళకి చెప్పుల్లేవు. కుడిచెయ్యి పక్కకి, కొంచెం పైకి లేచి ఉంది, ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు. ఆ చేతిలో ఏమీ లేదు.

పక్కన ఒక ముక్కాలి పీట మీద శిల్పి కూర్చుని ఉంది. నడివయసు మనిషి, వేళ్ళన్నీ పగుళ్ళు. వీళ్ళని చూసి లేచి నిలబడింది.

"మీరేనా అమ్మా? ఆఫీసులో చెప్పారు. నేను ఇద్దరికీ కట్టానండీ, లోపలి కర్రలు. పెద్దావిడ నిలబడలేదు. మూడుసార్లు నిలబెట్టాను, మూడుసార్లూ మట్టి జారి కింద కూర్చుండిపోయింది. నాలుగోసారి చేతులు రాలేదు నాకు. పాప మాత్రం మొదటిసారికే నిలబడింది."

తల్లి పిల్ల ముఖం ముట్టుకోబోయి ఆగింది. "జబ్బు చేసిందేమో దానికి" అంది చిన్నగా. "పోయినసారే ముఖం పాలిపోయి ఉంది. నేనే పట్టించుకోలేదు." తర్వాత దారిమధ్యనే కూర్చుండిపోయి, "రెండోసారి కూడా నన్ను పిలవలేదు చూడు" అంది.

చెల్లెలు మొక్కల పేర్లు చదవలేకపోయింది. అక్షరాలు కనపడలేదు.

ప్రదర్శన ఆరు వారాలు. తల్లి మళ్ళీ రాలేదు. రోజంతా మిషను ముందు కూర్చుని, గుడ్డ లేకుండానే తొక్కేది. చెల్లెలు మాత్రం ల్యాబు మూసే వేళకి బయల్దేరి రోజూ తోటకి వెళ్ళేది. గాజుగది ఆవిరికి పచ్చిమట్టి ఆరలేదు, పైగా మెత్తబడుతూ వచ్చింది. నాలుగో వారానికి పిల్ల మోకాళ్ళ దగ్గర సన్నని చీలికలు కనపడ్డాయి. శిల్పి తడిగుడ్డతో మెత్తి వెళ్ళేది. చెల్లెలు ఒకరోజు ల్యాబునుంచి తెచ్చుకున్న చిన్న పనిముట్టుతో, పిల్ల పెదవి చివర ఊడబోతున్న ముక్కని సరిచేసింది. లోపల ఎడమ కోరపన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది. ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది.

"ప్రదర్శన అయ్యాక ఏం చేస్తారు దీన్ని?" అని అడిగింది శిల్పిని.

"కాల్చని మట్టి కదండీ. బండి కుదుపుకి ఆగదు. ఇక్కడే పగలగొట్టి, నానబెట్టి, మట్టిని పట్టుకుపోతాను. వేరే దేనికైనా పనికొస్తుంది."

ఆఖరిరోజు సాయంత్రం మాలీలు బొమ్మలు ఒక్కొక్కటే తీస్తున్నారు. కొంగల్ని గడ్డి చుట్టి పెట్టెల్లో పెట్టారు. గుర్రాల్ని కాళ్ళు విడదీశారు. గాజుగది తలుపు పక్కన నీళ్ళతొట్టీ ఒకటి, రెండు సుత్తులూ పెట్టి ఉన్నాయి. మూసే గంట కొట్టారు. శిల్పి ఆఫీసులో సంతకాలు పెట్టడానికి వెళ్ళింది.

చెల్లెలు పిల్ల ముందు నిలబడింది. ఏం చెయ్యాలో అనుకుని రాలేదు. లేచి ఉన్న ఆ చెయ్యి అన్నాళ్ళుగా అలా గాల్లో ఉండటం ఆమె చూడలేకపోయింది. తన చెయ్యి అందులో పెట్టింది. చల్లగా, జారుగా ఉంది. మట్టివేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుని, ఆమె చేతిని పట్టుకున్నాయి.

"పిన్నీ, నువ్వేనా?" అంది పిల్ల. గొంతు బాగా పొడిబారి ఉంది. "అమ్మ ఇక్కడే నిలబడమంది. పిన్ని వస్తుంది, కదలకు అంది. చాలాసేపైంది."

"పద" అంది చెల్లెలు.

గేటు దగ్గర టికెట్లాయన బొమ్మల లిస్టులో టిక్కులు పెట్టుకుంటున్నాడు. తలెత్తి ఇద్దర్నీ చూసి, ఒక గీత కొట్టేశాడు. "గులకరాళ్ళున్నాయండీ, పాపకి చెప్పుల్లేవు, పక్కనుంచి నడిపించండి" అన్నాడు. ఆఫీసు మెట్లమీంచి శిల్పి చూసింది. చెయ్యెత్తి, మళ్ళీ కాగితాల మీదికి వంగింది. బస్సులో కండక్టరు పిల్లని పైనుంచి కిందిదాకా చూసి, "పన్నెండు నిండాయా?" అన్నాడు. "లేదండి" అంది చెల్లెలు. "అయితే అరటిక్కెట్టు. సీటుకి మట్టి అంటకుండా చూసుకోండమ్మా."

తల్లి తలుపు తీసింది. పిల్లని వెలుతురులోకి లాక్కుని, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆకలిగా ఉందామ్మా?" అంది. పిల్ల తలూపింది. ముందు అన్నం పెట్టి, తర్వాత నీళ్ళు పోసింది. మూడురోజులు ఎన్నిసార్లు నీళ్ళు పోసినా బురదనీళ్ళే కారాయి. నాలుగోరోజు తేటగా వచ్చాయి. తల్లి యూనిఫారం గుడ్డలో మిగిలిన ముక్కలతో రెండు గౌన్లు కుట్టింది. పైవాటా ఆవిడ వచ్చి, "మనవరాలా? పెద్దమ్మాయి పోలికే" అని, పాత చెప్పులజత ఒకటి ఇచ్చి వెళ్ళింది.

ఇంట్లో మాటలు మొదలయ్యాయి. చెల్లెలు ల్యాబునుంచి వచ్చేసరికి మిషను మీద నిజంగా గుడ్డ ఉండేది. పక్కన పిచ్చుక గుండీలు రంగుల వారీగా ఏరుతూ ఉండేది. కానీ పిల్ల ఏ తలుపు దగ్గరైనా ఆగిపోయి, అలా నిలబడి ఉండేది, ఎవరో వచ్చి లోపలికి పిలిచేదాకా. చెల్లెలు ప్రతిసారీ పరిగెత్తుకెళ్ళి పిలిచేది. మధ్యాహ్నాలు ల్యాబులో చెక్కుతున్న పన్ను పక్కన పెట్టేసి, ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉందో అని ఆలోచించేది.

రెండో ఆదివారం పొద్దున, గుండీలు ఏరుతూ ఏరుతూ, పిల్ల అడిగింది.

"అమ్మమ్మా, మా అమ్మ ఆ తోటలోనే పోయిందా? మొదటిసారి?"

తల్లి మిషను ఆపింది. "అవునమ్మా."

"ఎలా పోయింది?"

"దానికి చిన్నప్పట్నుంచీ ఆయాసం. ఆ రోజు మందు మర్చిపోయి వెళ్ళింది. ఒక్కతే ఉంది పాపం."

"ఎవర్నీ పిలవలేదా?"

"లేదు నాన్నా. అదే నా బాధ. పిలిచుంటే నేను..."

"పిలిచింది" అంది చెల్లెలు.

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, ఉతికిన బట్టల బకెట్టుతో. తల్లి తల తిప్పింది. పిల్ల మాత్రం గుండీల మీంచి చూపు ఎత్తలేదు. ఆ క్షణంలో ఇంకేదో మాట అనేసి తప్పించుకోవచ్చని చెల్లెలికి తెలుసు. పందొమ్మిదేళ్ళు అదే చేసింది. బకెట్టు కింద పెట్టింది.

"ఫోను చేసిందమ్మా. నేనే ఎత్తాను. మందు తెమ్మంది. నేను ఆటో చేసుకు రమ్మని పెట్టేశాను."

తల్లి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది, పోలీసు అడిగినట్టు.

"ఎన్నింటికి?"

"నాలుగు కొట్టి కాసేపయింది."

"నేనెక్కడున్నాను?"

"మిషను మీద. ఎవరే అన్నావు. రాంగ్ నంబరన్నాను."

"అన్నావు" అంది తల్లి. "నాకు గుర్తుంది. అన్నావు." ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్న గుడ్డని మడత పెడుతున్నాయి, విప్పుతున్నాయి. "గొంతెలా ఉంది దానిది?"

"అమ్మా, వద్దమ్మా."

"చెప్పు. నేను వినలేదు కదా. విన్నదానివి నువ్వు. ఎలా ఉంది?"

చెల్లెలు చెప్పింది. ఎక్కడెక్కడ ఊపిరి ఆగిందో, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో, అంతా చెప్పింది. ఒక్క అక్షరం మర్చిపోలేదు ఆమె. విన్నాక తల్లి లేచి, లోపలిగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పిల్ల వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడింది. సాయంత్రానికి తలుపు తెరుచుకుంది. పిల్లని మాత్రం లోపలికి పిలిచి, మళ్ళీ మూసుకుంది.

ఆ రోజునుంచి తల్లి చెల్లెలితో మాట్లాడలేదు. వంట చేసేది, కంచంలో పెట్టేది, మాట మాత్రం లేదు. ఏదైనా కావాలంటే పిచ్చుకకి చెప్పేది. పిచ్చుక వచ్చి, "పిన్నీ, అమ్మమ్మ గ్యాసు బుక్ చెయ్యమంటోంది" అని, వెళ్ళి "చేస్తానంది" అని చెప్పేది. చెల్లెలు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది ఒకసారి. తల్లి కాళ్ళు పైకి మడుచుకుంది. చెల్లెలికి ఒకవైపు తిండి సయించలేదు, ఇంకోవైపు ఇన్నేళ్ళలో లేని నిద్ర పట్టేది. ఆ నిద్రకి ఆమెకే సిగ్గేసేది.

చలికాలం వెళ్ళింది. కొత్త ప్రదర్శన మొదలైంది. ఆ ఆదివారం తల్లి ఒక్కతే ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని వెళ్ళింది. సాయంత్రం దాటుతుండగా వచ్చింది. చీర కుచ్చెళ్ళకి ఆకులు అంటుకుని ఉన్నాయి. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుని, మొదటిసారి నేరుగా కూతురి వైపు చూసింది.

"లేదు. ఎక్కడా లేదు. ఇక రాదు."

చెల్లెలు లేచి నిలబడింది.

"మీ యజమాని ఏదో ఊళ్ళో పనిస్తానన్నాడు కదా. ఇంకా ఉందా ఆ పని?"

"ఉందనుకుంటాను. ఎందుకు?"

"వెళ్ళు. దీన్ని తీసుకుని వెళ్ళు."

"నన్ను తిట్టమ్మా. కొట్టు. పంపించెయ్యకు."

"కొట్టి ఏం చెయ్యను?" అంది తల్లి. "చిన్నపిల్లవా? నువ్వు ఈ ఇంట్లో తిరుగుతుంటే నాకు దాని ఊపిరి వినపడుతోంది. నీ ముఖం చూస్తే ఒక్కోసారి గొంతు పిసకాలనిపిస్తోంది, ఒక్కోసారి అన్నం తిన్నావా అని అడగాలనిపిస్తోంది. రెండూ ఒకేసారి నావల్ల కాదు. కొన్నాళ్ళు దూరంగా ఉండు."

"పాపని నీ దగ్గరే ఉంచుకోమ్మా. నీకు తోడుంటుంది. నేను ఎలాంటిదాన్నో తెలిసీ..."

"నాకూ అదే అనిపించింది. నెలరోజులు ఆలోచించాను." తల్లి పిచ్చుక వైపు చూసింది. అది గుమ్మం పక్కన నిలబడి వింటోంది. "కానీ మీ అక్క దీన్ని నా కోసం నిలబెట్టలేదే. అమ్మమ్మ వస్తుందని చెప్పలేదు. పిన్ని వస్తుందంది. నిన్ను నమ్మిందో, నీకు శిక్ష వేసిందో, అదే ఎరుగు. నేను మధ్యలో దూరను. పెంచు. సరిగ్గా పెంచు."

వారం తిరక్కుండా వాళ్ళు బయల్దేరారు. తల్లి పిచ్చుకని ముద్దుపెట్టుకుని, కూతురి సంచి జిప్పు సరిగ్గా పడలేదని లాగి సరిచేసి, తలుపు మూసింది.

కొత్త ఊళ్ళో ల్యాబు పైనే రెండు గదులు. చెల్లెలు పొద్దున పిల్లని బడిలో దింపి, కిందికొచ్చి ల్యాబు తెరిచేది. బడి వదిలే వేళకి, చేతిలో ఎవరి పళ్ళున్నా అక్కడే వదిలేసి బయల్దేరేది. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. అయినా మొదట్లో గేటు దగ్గర పిల్లలందరూ గోల చేస్తుంటే పిచ్చుక మాత్రం కదలకుండా నిలబడి ఉండేది. చూసిన ప్రతిసారీ చెల్లెలు పరుగు అందుకునేది. నాలుగో నెలలో ఓ రోజు వెళ్ళేసరికి గేటు దగ్గర పిల్ల లేదు. అటూ ఇటూ వెతికి చూస్తే, గ్రౌండులో నలుగురు పిల్లలతో తగువేసుకుంటూ ఉంది, ఒకమ్మాయి జడ పట్టుకుని. "పిన్నీ, అప్పుడే వచ్చేశావేం? ఇంకా ఆట అవలేదు!" అని అరిచింది. చెల్లెలు గోడ పక్కన కూర్చుని, ఆట అయ్యేదాకా ఉంది. చుట్టూ ఉన్న తల్లులు ఆమె ఎందుకు ఏడుస్తోందో అడగలేదు.

తల్లికి ప్రతి ఆదివారం పిచ్చుక ఫోను చేసేది. "పిన్ని ఎలా ఉంది" అని అటునుంచి ఎప్పుడూ రాలేదు. దసరా సెలవులు దగ్గరపడ్డ ఒక ఆదివారం మాత్రం, "మీరు ఎప్పుడొస్తున్నారు?" అని వచ్చింది. ఆ 'మీరు' అన్న మాటని చెల్లెలు పిచ్చుక చేత మూడుసార్లు చెప్పించుకుంది.

బస్సు దిగి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. తల్లి తలుపు తీసింది. పిచ్చుక ఆవిడ చంకకింది నుంచి దూరి లోపలికి పరిగెత్తింది. చెల్లెలు రెండు చేతుల్లో సంచులతో మెట్టు మీదే నిలబడిపోయింది. తల్లి చిక్కింది. కళ్ళకింద నలుపు వచ్చింది.

"ఈ సూదిలో దారం ఎక్కి చావట్లేదు, పొద్దుట్నుంచీ" అంది తల్లి చివరికి, మిషను వైపు చూస్తూ. "చూపు ఆనడం లేదు నాకు. పైవాటా ఆవిడని ఎన్నిసార్లని పిలుస్తాను? రా, చూడు కాస్త."

చెల్లెలు సంచులు కింద పెట్టింది. మిషను ముందు కూర్చుని, దారం కొన తడిపి, కిటికీ వెలుతురులో సూది బెజ్జానికి పెట్టింది. తల్లి వెనకాలే నిలబడి, ఆమె తలమీంచి వంగి చూస్తోంది. ఆవిడ ఊపిరి మెడకి తగులుతోంది. మొదటిసారి దారం పక్కకి పోయింది.

"నింపాదిగా" అంది తల్లి. "తొందరేం లేదు."